పాలు లేకుండా పెరుగు: శనక్కాయలతో ఇంట్లోనే తోడు పెట్టొచ్చు.. మార్కాపురం, గిద్దలూరు వైపు అయితే ఈ రెండు జాగ్రత్తలు తప్పనిసరి!

ఎన్ని కూరలు ఉన్నా చివర్లో పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టే ఉండదు చాలా మందికి. కానీ పాలు పడని వాళ్లు, పాల అలర్జీ ఉన్న వాళ్లు, పాల పదార్థాలు మానేసిన వాళ్లు ఆ చివరి ముద్ద దగ్గరే ఆగిపోతున్నారు. మార్కెట్లో మొక్కల పాలతో చేసిన పెరుగు లాంటి పదార్థాలు దొరుకుతున్నా, పెద్ద నగరాలు దాటితే అవి కనిపించేది తక్కువ. ధర కూడా ఎక్కువే. అయితే దీన్ని ఇంట్లోనే, చేతిలో ఉన్న వేరుశనగ గుళ్లతో చేసుకోవచ్చు. తోడుకు పచ్చిమిరప తొడిమలు చాలు. వేరుశనగ, మిర్చి.. రెండూ పశ్చిమ ప్రకాశం రైతులకు తెలిసిన పంటలే.

చేయడం తేలికే. కానీ మార్కాపురం, గిద్దలూరు, కంభం, కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో దీన్ని చేసేటప్పుడు రెండు విషయాలు మర్చిపోకూడదు. ఒకటి, గుళ్లు రుబ్బే నీళ్లు. రెండు, పాల పెరుగు మానేస్తే తగ్గిపోయే కాల్షియం. ఫ్లోరైడ్ సమస్య ఉన్న ఊళ్లలో ఈ రెండూ ఒంటి మీద నేరుగా ప్రభావం చూపిస్తాయి. తయారీ విధానంతో పాటు ఆ వివరాలు కూడా చూద్దాం.

అసలు ఇది ఎవరికి అవసరం?

పాలు తాగితే కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు అవుతున్నాయంటే చాలా సందర్భాల్లో కారణం లాక్టోజ్. ఇది పాలలో సహజంగా ఉండే చక్కెర. దీన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ వయసు పెరిగే కొద్దీ చాలా మందిలో తగ్గిపోతుంది. మన దక్షిణాదిలో ఈ సమస్య ఎక్కువ. 1981లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో తిరువనంతపురం, పుదుచ్చేరి కేంద్రాల్లో పరీక్షించిన వారిలో 66.6 శాతం మందికి లాక్టోజ్ పడదని తేలింది. ఢిల్లీలో అది 27.4 శాతమే.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. లాక్టోజ్ పడని వాళ్లందరూ పెరుగు మానేయాల్సిన పని లేదు. పాలు తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తుంది. అందుకే పాలు పడని వాళ్లలో చాలా మందికి పెరుగు, మజ్జిగ ఇబ్బంది పెట్టవు. ముందు కొద్దిగా తిని చూసి, అది కూడా పడకపోతే అప్పుడు ప్రత్యామ్నాయం వెతుక్కోవచ్చు.

పాల అలర్జీ మాత్రం వేరు. అది లాక్టోజ్ వల్ల కాదు, పాలలోని ప్రోటీన్ల వల్ల వస్తుంది. దద్దుర్లు, వాంతులు, ఆయాసం దాకా వెళ్లొచ్చు. వీళ్లు పాల పెరుగును చుక్క కూడా ముట్టుకోకూడదు. జంతు పదార్థాలు పూర్తిగా మానేసిన వీగన్లు మూడో రకం. శనక్కాయ పెరుగు ఈ ముగ్గురికీ పనికొస్తుంది. వేరుశనగ అలర్జీ ఉన్న వాళ్లకు మాత్రం ఇది అస్సలు వద్దు.

వేరుశనగే ఎందుకు?

పాలు లేని పెరుగును సోయా, కొబ్బరి, జీడిపప్పు, బాదం.. ఇలా చాలా వాటితో చేస్తారు. గట్టిగా తోడుకోవడంలో సోయా మేలు. కానీ సోయా గింజల్లో ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థాలు ఉంటాయి కాబట్టి ఆ పాలను 15 నుంచి 20 నిమిషాలు బాగా మరిగించాలి. పచ్చి వాసన కూడా అందరికీ నచ్చదు. కొబ్బరి పాలతో కమ్మగా వస్తుంది, ప్రోటీన్ మాత్రం తక్కువ. జీడిపప్పు, బాదం రోజూ వాడాలంటే జేబుకు భారం.

వేరుశనగ గుళ్లలో 100 గ్రాములకు దాదాపు 23 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. రుబ్బి వడగట్టాక పిప్పిలో కొంత పోయినా, మిగిలిన పాలు ప్రోటీన్ విషయంలో ఆవు పాలకు తీసిపోవు. కొవ్వు కూడా ఎక్కువే కాబట్టి పెరుగు వెన్నలా మెత్తగా వస్తుంది. బరువు తగ్గాలనుకునే వాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకుని కొలతగా తినాలి.

కావాల్సినవి

* పచ్చి వేరుశనగ గుళ్లు: 150 గ్రాములు (వేయించినవి వద్దు)
* రుబ్బడానికి ఫ్లోరైడ్ లేని మంచి నీళ్లు: 450 మిల్లీలీటర్లు
* నానబెట్టడానికి, కడగడానికి విడిగా మంచి నీళ్లు
* పంచదార: అర టీస్పూను
* బియ్యప్పిండి: ఒక టీస్పూను (గట్టిగా కావాలంటేనే)
* తోడుకు: తొడిమలతో ఉన్న పచ్చిమిరపకాయలు 8 నుంచి 10
* పలచని నూలు గుడ్డ, అడుగు మందంగా ఉన్న గిన్నె, మట్టి ముంత లేదా స్టీలు గిన్నె

పంచదార ఎందుకని చాలా మందికి అనుమానం వస్తుంది. పెరుగు బ్యాక్టీరియా పాలలో లాక్టోజ్‌ను తిని పులుపును తయారు చేస్తుంది. శనక్కాయ పాలలో లాక్టోజ్ ఉండదు. అందుకే బ్యాక్టీరియాకు ఆ కాస్త చక్కెర మేత. పెరుగు తోడుకునేసరికి ఆ తీపి పెద్దగా తెలియదు.

తోడు దగ్గరే అసలు చిక్కు

ఇంట్లో ఉన్న పాల పెరుగునే ఒక స్పూను వేస్తే శనక్కాయ పాలు సులువుగా తోడుకుంటాయి. లాక్టోజ్ మాత్రమే పడని వాళ్లకు ఆ ఒక్క స్పూనుతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ పాల అలర్జీ ఉన్న వాళ్లకు ఇది పనికిరాదు. ఒక స్పూనులో ఉన్న పాల ప్రోటీన్ కూడా వాళ్లకు ప్రమాదమే. వీగన్లకు కూడా అది పాలు లేని పెరుగు అనిపించుకోదు.

దీనికి పాత ఉపాయమే ఉంది. ఇంట్లో తోడు అయిపోతే మిరపకాయ తొడిమలు వేసి పాలు తోడుపెట్టడం మన పెద్దలకు తెలిసిన పద్ధతే. మిరప తొడిమల మీద పులియబెట్టే బ్యాక్టీరియా సహజంగా ఉంటుంది. గోరువెచ్చని పాలలో అది పెరిగి పాలను పులియబెడుతుంది.

మొదట కొద్ది పాలతో తోడు తయారు చేసుకోవాలి. 100 మిల్లీలీటర్ల శనక్కాయ పాలను కాచి, గోరువెచ్చగా అయ్యాక చిటికెడు పంచదార కలపాలి. కడిగిన మిరపకాయల తొడిమలను తుంచి అందులో మునిగేలా వేసి మూత పెట్టాలి. 10 నుంచి 12 గంటల్లో పాలు చిక్కబడి పుల్లని వాసన వస్తుంది. తొడిమలు తీసేయాలి. మొదటిసారి ఇది పలచగా, కాస్త ఘాటుగా ఉంటుంది. దీన్ని తినడానికి కాకుండా తోడుగా వాడుకోవాలి. రెండు మూడు సార్లు తోడు మారేసరికి రుచి కుదురుకుంటుంది.

నిమ్మరసం పిండితే పాలు వెంటనే విరుగుతాయి కదా, అదే తోడు అనుకుంటారు కొందరు. అది విరగడమే కానీ తోడుకోవడం కాదు. అందులో పెరుగు బ్యాక్టీరియా ఉండదు.

మెడికల్ షాపుల్లో దొరికే ప్రోబయోటిక్ క్యాప్సూల్ కూడా తోడుగా వాడొచ్చు. లేబుల్ మీద లాక్టోబాసిల్లస్, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ లాంటి పేర్లు ఉండాలి. విరేచనాలకు వాడే బాసిల్లస్ క్లాసీ రకం దీనికి పనికిరాదు. కొన్ని క్యాప్సూల్స్‌లో పాల పదార్థాలు కలుస్తాయి కాబట్టి అలర్జీ ఉన్న వాళ్లు లేబుల్ మొత్తం చదవాలి. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్న వాళ్లు తొడిమల తోడు జోలికి పోకుండా ఇలాంటి తెలిసిన తోడు వాడటమే మంచిది.

తయారీ విధానం

1. గుళ్లను ఏరి, కడిగి 6 నుంచి 8 గంటలు నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోయాలి.

2. నానిన గుళ్లను చేతులతో నలిపితే పొట్టు ఊడొస్తుంది. పొట్టు ఉంటే పెరుగు రంగు మారుతుంది, వగరు వస్తుంది.

3. కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ మిక్సీలో మెత్తగా రుబ్బాలి. మొత్తం 450 మిల్లీలీటర్లు దాటకూడదు. నీళ్లు ఎక్కువైతే పెరుగు పలచబడుతుంది.

4. నూలు గుడ్డలో పోసి గట్టిగా పిండాలి. మిగిలిన పిప్పిని పారేయొద్దు. పచ్చడిలో, రొట్టెల పిండిలో కలుపుకోవచ్చు.

5. పాలను అడుగు మందం గిన్నెలో పోసి సన్నని సెగ మీద కలుపుతూ కాచాలి. పొంగు వచ్చాక మరో 8 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. ఆవు పాల కన్నా ఇవి త్వరగా అడుగంటుతాయి కాబట్టి గరిటె ఆపకూడదు. బియ్యప్పిండి వేసేటట్టయితే చల్లటి నీళ్లలో కలిపి ఈ దశలోనే పోయాలి.

6. దించి పంచదార కలిపి చల్లారనివ్వాలి. 40 నుంచి 43 డిగ్రీల వేడి సరిపోతుంది. శుభ్రమైన చేతి వేలు పెడితే వెచ్చగా ఉండాలి, చుర్రుమనకూడదు.

7. ఒక పెద్ద స్పూను తోడు వేసి బాగా కలిపి, ముంతలో పోసి మూత పెట్టాలి. తోడుకునే దాకా కదపకూడదు.

8. పైన మీగడలా గడ్డకట్టి, కొద్దిగా నీళ్లు తేరి, కమ్మని పుల్లటి వాసన వస్తే పెరుగు తయారైనట్టే. వెంటనే ఫ్రిజ్‌లో పెడితే ఇంకాస్త గట్టిపడుతుంది.

ఎండాకాలం ఒక లెక్క.. చలికాలం ఒక లెక్క

నల్లమల అంచున ఉన్న ఈ ప్రాంతంలో వేసవి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. అప్పుడు 5 లేదా 6 గంటల్లోనే తోడుకుంటుంది. రాత్రి పడుకునేటప్పుడు తోడుపెట్టి పొద్దున్నే చూస్తే పులిసిపోయి ఉంటుంది. అందుకే వేసవిలో తోడు తగ్గించాలి, ముంతను నీడలో చల్లటి చోట పెట్టాలి. చలికాలంలో 10 నుంచి 12 గంటలు పడుతుంది. గిన్నెకు మందపాటి గుడ్డ చుట్టడం, హాట్‌ప్యాక్‌లో పెట్టడం, బియ్యం డబ్బాలో దించడం.. ఏదైనా పని చేస్తుంది.

గేదె పెరుగులా కత్తితో కోసేంత గట్టిగా ఎందుకు రాదు అంటే, కారణం ప్రోటీన్లలో ఉంది. పాలలోని కేసీన్ పులుపు తగలగానే ఒకదానికొకటి అతుక్కుని గట్టి అల్లికలా మారుతుంది. వేరుశనగ ప్రోటీన్లు కూడా గడ్డకడతాయి కానీ ఆ అల్లిక బలహీనంగా ఉంటుంది. అందుకే గరిటె పెట్టగానే నీళ్లు వదులుతుంది. మట్టి ముంతలో తోడుపెడితే కొంత నీరు మట్టి పీల్చుకుంటుంది. ఇంకా గట్టిగా కావాలంటే గుడ్డలో కట్టి గంట సేపు వేలాడదీయొచ్చు.

మొదటి జాగ్రత్త: రుబ్బే నీళ్లు

పశ్చిమ ప్రకాశానికి ఫ్లోరైడ్ పాత శత్రువు. దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించి 1937లో నివేదించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు అప్పటిదాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. వానలు తక్కువ, బోర్లు లోతు ఎక్కువ కావడంతో ఈ ప్రాంతంలోని ఎన్నో ఊళ్లకు ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఇంకా తప్పలేదు. వెలిగొండ ప్రాజెక్టు కోసం జనం ఎదురు చూసేది సాగునీటికే కాదు, తాగునీటికి కూడా.

ఇంతకీ పెరుగుకు, ఫ్లోరైడ్‌కు సంబంధం ఏంటి? గేదె ఏ బోరు నీళ్లు తాగినా పాలలోకి దిగే ఫ్లోరైడ్ చాలా తక్కువ. పశువు ఒళ్లే ఒక వడపోతలా పని చేస్తుంది. శనక్కాయ పాలకు ఆ అడ్డు లేదు. మిక్సీలో ఏ నీళ్లు పోస్తే అందులో ఉన్న ఫ్లోరైడ్ అంతా దాదాపుగా పెరుగులోకే వస్తుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే నీళ్లు లేనప్పుడు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాములని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉన్న బోరు నీళ్లు అరలీటరు వాడితే ఆ పెరుగులోనే 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ చేరినట్టు.

నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోతుందనే అపోహ చాలా మందిలో ఉంది. పోదు. కాచేటప్పుడు నీరు ఆవిరై, మిగిలిన దానిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్లు కూడా దాన్ని తీయలేవు. కాబట్టి గుళ్లు నానబెట్టడం దగ్గర నుంచి రుబ్బడం దాకా ఆర్‌ఓ నీళ్లు, రక్షిత తాగునీరు లేదా శుభ్రంగా పట్టిన వాన నీళ్లే వాడాలి. ఇంటి బోరు సంగతి తెలియకపోతే గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవచ్చు. ఇదే పెరుగును మజ్జిగ చేసేటప్పుడు పోసే నీళ్లకు కూడా ఇదే సూత్రం. మసాలా మజ్జిగలో వేసే నల్ల ఉప్పులో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఈ ఊళ్లలో మామూలు ఉప్పే మేలు.

రెండో జాగ్రత్త: తగ్గే కాల్షియం

ఆహారంలో కాల్షియం ఉంటే అది కడుపులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని ఒంటికి చేరకుండా ఆపుతుంది. అందుకే ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పాలు, పెరుగు బాగా తీసుకోవాలని చెబుతారు. అలాంటి చోట పాల పెరుగు మానేసి దాని స్థానంలో శనక్కాయ పెరుగు పెడితే ఏమవుతుందో లెక్క చూడండి.

100 గ్రాముల ఆవు పాలలో దాదాపు 118 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. 100 గ్రాముల వేరుశనగ గుళ్లలో ఉండేది సుమారు 54 మిల్లీగ్రాములే. వాటికి 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి పాలు తీస్తే, 100 మిల్లీలీటర్లకు 18 మిల్లీగ్రాములకు మించి రాదు. పిప్పిలో పోయేది పోగా ఇంకా తక్కువే. అంటే పాల పెరుగులో ఆరో వంతు కూడా ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సులు చెబుతున్నాయి.

ఈ లోటు పూడ్చుకోవడానికి దారులు లేకపోలేదు. రాగుల్లో 100 గ్రాములకు 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. నువ్వుల్లో అంతకు మూడు రెట్లు పైనే. మునగాకు, తోటకూర, కరివేపాకు కూడా మంచివే. పొట్టు నువ్వుల్లో, కొన్ని ఆకుకూరల్లో ఉండే ఆక్సలేట్ల వల్ల ఆ కాల్షియం మొత్తం ఒంటికి పట్టదు. అందుకే ఒక్కదాని మీదే ఆధారపడకుండా రోజూ మార్చి మార్చి తినాలి. శనక్కాయ గుళ్లతో పాటు ఒక స్పూను నువ్వులు నానబెట్టి రుబ్బినా కొంత మేలు. కాస్త చేదు వస్తుంది కాబట్టి స్పూను దాటొద్దు.

ఇంకో లోటు బి12 విటమిన్. మాంసం తినని వాళ్లకు ఇది ప్రధానంగా పాలు, పెరుగు నుంచే అందుతుంది. శనక్కాయ పెరుగులో దీన్ని నమ్ముకోవడానికి లేదు. పాల పదార్థాలు పూర్తిగా మానేసిన శాకాహారులు డాక్టర్‌ను అడిగి మాత్రలు వాడాల్సిందే. ఏడాది లోపు పిల్లలకు తల్లిపాలు, డాక్టర్ సూచించిన పాలకు బదులుగా దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ పట్టకూడదు.

గుళ్లు ఏరడం చిన్న పని కాదు

వేరుశనగకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కాయ ముదిరే దశలో వాన మొహం చాటేస్తే పొలంలోనే ఈ బూజు పట్టే ప్రమాదం పెరుగుతుంది. కరువు సీమలో ఇది కొత్త సంగతి కాదు. కోసిన కాయలు సరిగా ఆరకపోయినా, తేమ ఉన్న చోట బస్తాలు వేసినా ఇదే ముప్పు. పాలు కాచినంత మాత్రాన అఫ్లాటాక్సిన్ పోదు. కాబట్టి ముడుచుకుపోయిన, రంగు మారిన, పచ్చటి బూజు కనిపించిన, చేదుగా ఉన్న గుళ్లను మొహమాటం లేకుండా పక్కన పడేయాలి.

మిరప తొడిమల విషయంలో కూడా అంతే. మిర్చి పంటకు పురుగుమందులు ఎక్కువగానే కొడతారు. మందు కొట్టని పెరటి చెట్టు కాయలైతే మంచిది. లేదంటే కాయల్ని రెండు మూడు నీళ్లలో బాగా కడగాలి. ఒక్కసారి తోడు కుదిరాక మళ్లీ మళ్లీ తొడిమల అవసరం ఉండదు. ప్రతిసారీ ఒక స్పూను పెరుగు దాచుకుంటే సరి.

పాడైందని ఎలా తెలుస్తుంది?

శనక్కాయ పెరుగు ఫ్రిజ్‌లో 3 రోజులు బాగానే ఉంటుంది. పైన తేరిన నీళ్లు చూసి కంగారు పడొద్దు, కలిపేస్తే సరిపోతుంది. గులాబీ, నలుపు, పచ్చ మచ్చలు కనిపించినా, తీగలు సాగినా, కుళ్లు వాసన వచ్చినా మాత్రం మొత్తం పారేయాలి. పైమచ్చ తీసేసి మిగతాది తినడం ప్రమాదం. ఆ గిన్నెలోంచి తోడు కూడా తీయకూడదు. గిన్నెల్ని వేడినీళ్లతో కడిగి కొత్త తోడుతో మొదలుపెట్టాలి.

వంటలో వాడేటప్పుడు..

పెరుగన్నానికి, ఆవడలకు, పెరుగు పచ్చడికి ఇది చక్కగా కుదురుతుంది. శనక్కాయ వాసన కొందరికి తెలుస్తుంది. ఆవాలు, ఇంగువ, కరివేపాకు, అల్లంతో తాలింపు పెడితే ఆ వాసన వెనక్కి పోతుంది. మజ్జిగ పులుసుకు వాడితే తప్పకుండా శనగపిండి కలిపి, సన్నని సెగ మీద వేడెక్కగానే దించేయాలి. తెర్లనిస్తే విరిగిపోతుంది.

కొనేవాళ్లు ఇది చూడండి

పాలు లేని పదార్థాల ప్యాకెట్ మీద పెరుగు, వెన్న, జున్ను లాంటి పాల పేర్లు పెట్టి అమ్మడానికి దేశంలో నిబంధనలు ఒప్పుకోవు. 2021లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకు కూడా ఈ విషయం స్పష్టం చేసింది. కొబ్బరి పాలు లాంటి వాడుకలో ఉన్న పేర్లకు మినహాయింపు ఉంది. 2022లో వీగన్ ఆహారానికి ప్రత్యేక నిబంధనలు, ప్రత్యేక గుర్తు వచ్చాయి. కొనేటప్పుడు ఆ గుర్తుతో పాటు పంచదార ఎంత ఉంది, కాల్షియం కలిపారా లేదా అన్నది కూడా చూసుకోవాలి.

పాలు లేకుండా పులియబెట్టిన ఆహారం మనకు కొత్తేమీ కాదు. అన్నం గంజిని పులియబెట్టిన తరవాణి, రాత్రి కలిపి పొద్దున తాగే పులిసిన అంబలి తాతల కాలం నాటివే. రాగి అంబలిలో పులుపు, చలువతో పాటు కాల్షియం కూడా దొరుకుతుంది. శనక్కాయ పెరుగు మొదలుపెట్టిన ఇంట్లో పొద్దున ఒక గ్లాసు రాగి అంబలి కూడా ఉంటే, పెరుగు మానేసిన లోటు కొంతైనా తీరుతుంది. దానికి కూడా మంచి నీళ్లే వాడాలన్నది మాత్రం మర్చిపోవద్దు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. పాల అలర్జీ, ఫ్లోరోసిస్ లక్షణాలు, కిడ్నీ సమస్యలు ఉన్న వాళ్లు, చిన్నపిల్లల ఆహారం మార్చాలనుకునే వాళ్లు ముందుగా వైద్యులను సంప్రదించాలి.